దొరసాని తూకం

విమానాల ఆఫీసులో పెద్ద సారుకి దండం పెట్టి రాస్తున్నాను.

నేను బట్టలు కుట్టుకు బతికేదాన్ని, రాతలో తప్పులుంటే మన్నించండి. ఎల్లుండి మీ విమానంలో మా అమ్మాయిని ఇంటికి తీసుకెళ్తున్నాను. తను జ్వరమొచ్చి పోయింది. తనని తీసుకెళ్లే కాగితాలు చేతికి రావడానికి ఇరవై రోజులు పట్టింది. అన్నాళ్లూ ఇక్కడ తన గదిలోనే ఉన్నాను. తను పెంచుకున్న పిల్లి దొరసాని కూడా నాతో రావాలి.

ఈరోజు మీ కౌంటరమ్మాయి దాన్ని సంచీతో సహా తూచింది. ఏడు కిలోలు దాటకూడదట, ఏడున్నర వచ్చింది. "రూలు రూలేనమ్మా. కింద సామాన్లతో పంపిస్తాం, దానికేం కాదులే" అని ఒక కాగితం ఇచ్చింది. ఆ పిల్లనేమీ అనకండి, మంచిగానే చెప్పింది.

తప్పు నాదే సారూ. ఒక్క మనిషికి వండటం నా చేతికి రాదు. రోజూ ఇద్దరికి వండేశాను. అమ్మాయి వాటా పారబొయ్యడానికి మనసొప్పక పిల్లికి పెట్టాను. ఆ అరకిలో మా అమ్మాయి తిండే.

ఈ ఇరవై రోజుల్లో నేను సగమయ్యాను. ఉన్న బట్టలన్నీ రెండేసి వేళ్లు లోపలికి కుట్టుకున్నాను. కావాలంటే నన్నూ తూచండి. పిల్లికి ఎక్కువైంది నాలో తగ్గించుకోండి. సంచీ నా కాళ్ల దగ్గరే పెట్టుకుంటాను, దాన్ని అరవనివ్వను.

కింద చీకటిగా ఉంటుందా అని అడిగితే కౌంటరమ్మాయి ఆ కాగితంలో సంతకం పెట్టాల్సిన చోటు చూపించింది. మా అమ్మాయి పెట్టె కిందే పెడతారని నాకు తెలుసు. దానికి ఒప్పుకుని సంతకం పెట్టాను. ఇంకో సంతకం నాతో పెట్టించకండి సారూ.

ఇట్లు,
దొరసానిని పెంచినమ్మాయి తల్లి