పిట్టకు ఇచ్చిన మాట

రాయచూరు జిల్లా క్రీడాధికారి గారి సముఖమునకు,
యరమరస్‌లో మోటార్ వైండింగ్ దుకాణము నడుపుకొనుచున్న యల్లేశ్, తండ్రి లింగప్ప, సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: దేశాల జట్ల మధ్య జరుగు మహిళల టెన్నిస్ పోటీకి మా ఊరి హైస్కూలు వెనుకనున్న కోర్టును వేదికగా ఎంపిక చేయుట గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, రానున్న పోటీకి ఆతిథ్యము మన దేశానిదేనని, తగిన వేదికల పేర్లు జిల్లాల నుండి పంపవచ్చునని పేపరులో చదివితిని. కన్నడం నోటితో ఎంతైనా మాట్లాడగలను గాని, నా చదువు కృష్ణా నది అవతల తెలుగు బడిలో అయినందున రాయడం చేతకాదు. తమ ఇంట్లోనూ తెలుగే మాట్లాడతారని విని, ధైర్యం చేసి తెలుగులో రాయుచున్నాను. తప్పైతే మన్నించగలరు.

1. సదరు కోర్టును కట్టించినది కీర్తిశేషురాలు అక్షత, పై హైస్కూలు పీటీ టీచరు, అర్జీదారుని భార్య. కట్టించినది అంటే స్వయంగా కట్టినది అని చదువుకోగలరు. మాది నల్లరేగడి. ఎండాకాలం వచ్చిందంటే మనిషి కాలు ఇరుక్కునేంత బీటలు పడుతుంది. ఆమె దాని మీద మొరం తోలించి, ఇటుక బట్టీల దగ్గర పొడి అడుక్కొచ్చి పరిపించి, మా కళ్ళంలో జొన్నలు తొక్కించే రాతి గుండును బడి దాకా దొర్లించుకుపోయి నేలను చదును చేసింది. నెట్టుగా కట్టినది కృష్ణలో చేపలు పట్టేవారి పాత వల. దాని పైఅంచుకు తెల్లగుడ్డ కుట్టింది నేను. కుట్టు వంకరగా వచ్చింది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సరిచేయగలవాడను.

2. వాతావరణము. ఈ పోటీలలో ఏ నేల మీద ఆడాలో ఎంచుకునే హక్కు ఆతిథ్య దేశానికి ఉంటుందని, వచ్చిన జట్టుకు ఏది కష్టమో చూసి అదే పెడతారని ఆమె నాకు అన్నం పెడుతూ చెప్పేది. "వాళ్ళను మే నెలల మన దిక్కు తీస్కరావాలె. సగం ఆట ఎండనే ఆడుతది. ఎండ మన జట్టు మనిషి" అనేది. ఈ అంశం కింద నేను అబద్ధం రాయలేను. పోయిన మే నెలలో బడికి సెలవులుండగా, వానలు పడేలోపు నేల గట్టిపడాలని ఒక్కతే ఆ గుండు లాగుతూ ఎండదెబ్బకు పడిపోయింది. దుకాణం నుండి నేను పోయేసరికి అయిపోయింది. ఎండ ఎవరి మనిషీ కాదు సార్. కనుక పోటీని చలికాలంలో పెట్టుకోగలరని ప్రార్థన.

3. సౌకర్యములు. కూర్చొనుటకు బడి కాంపౌండు గోడ కలదు. చాలని పక్షంలో మా ఊరివాళ్ళు ట్రాక్టర్ ట్రాలీలు వరుసగా నిలబెడతారు, జాతరకు అట్లనే చేస్తారు. కరెంటు ఉత్పత్తి అయ్యేది మా పక్కనే గనుక దీపాలకు లోటు ఉండదని తమరు అనుకోవచ్చును. కోతలు మాకే ఎక్కువ, ఆ మాట తమ దగ్గరే ఉంచగలరు. విదేశీ క్రీడాకారిణుల భోజనం విషయమై మా అమ్మ హనుమవ్వ జొన్నరొట్టె, పుంటికూర (గోంగూర) చేస్తానని ఒప్పుకున్నది. కారం తగ్గించుటకు మాత్రం ఒప్పుకొనలేదు.

4. ఇంత చిన్న ఊరివాడు ఇంత పెద్ద పోటీ ఎందుకు అడుగుచున్నాడని తమకు సందేహం కలుగవచ్చును. కావున అసలు కారణం రాయుచున్నాను.

మట్టి చేసిన మూడో రోజు మా ఆచారం ప్రకారం చేను గట్టున ఆమెను పూడ్చిన బొంద దగ్గర పిట్టకు పెట్టినాము. ఆమెకు ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి, కాకి వచ్చి ముట్టేదాకా అందరమూ దూరంగా నిలబడాలి. పోయినవాళ్ళ మనసులో కోరిక మిగిలి ఉంటే కాకి ముట్టదు. అప్పుడు అయినవాళ్ళు ఆ కోరిక తీరుస్తామని మాట ఇవ్వాలి. తమకు తెలియనిది కాదు.

కాకి వచ్చి వేపచెట్టు మీద కూర్చున్నది. కిందికి దిగలేదు. ఆమె తమ్ముడు శివు ముందుకొచ్చి తాగుడు మానేస్తానన్నాడు. కాకి నమ్మలేదు, మేమూ నమ్మలేదు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, నా కొడుక్కు ఇంకొకదాన్ని తీసుకురానని చెప్పింది. కాకి ఆ కొమ్మ విడిచి ఇంకో కొమ్మ మీద కూర్చున్నది. ఎండ నడినెత్తికి వచ్చింది. ముసలివాళ్ళు గట్టు మీదనే కూలబడ్డారు, ఒకామెకు కళ్ళు తిరిగినవి. అదే ఎండ ఇంకొకరిని తీసుకుపోతుందేమోనని నాకు భయమైంది. కర్మ చేయించే పెద్దమనిషి జంబన్న నా భుజం పట్టుకున్నాడు.

"యల్లేశా, పిల్ల మనసుల ఏమున్నదో నీకే ఎరుక. జల్ది చెప్పు" అన్నాడు.

నా నోటికి వచ్చింది అన్నాను. "నీ పెద్ద మ్యాచ్ మన కోర్టులనే ఆడిపిస్త. దేశాలోళ్ళను ఈడికే పిలిపిస్త. తిను అక్షతా."

కాకి దిగింది. రొట్టె ముక్క ముక్కున కరుచుకొని బడి దిక్కుకు ఎగిరిపోయింది. అందరూ అమ్మయ్య అనుకొని స్నానాలకు పోయినారు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయినాను. ఎంత మాట ఇచ్చినానో అప్పుడు తెలిసింది. జంబన్న తరువాత కలిసినప్పుడల్లా, అంత పెద్ద మాట ఎందుకిచ్చినావు బిడ్డా, ఒక వెండి బ్యాటు చేయిస్తానంటే పోయేది కదా అని అంటాడు. ఆ పూట నాకు ఆ తెలివి రాలేదు.

5. అటు తరువాత జరుగుచున్న సంగతులు తమ దృష్టికి తేవడమైనది. దీపాలు పెట్టే వేళకు కోర్టు దిక్కు నుండి గుండు దొర్లే చప్పుడు వస్తున్నది. మొదట నేను నా చెవులనే అనుమానించాను. రోజంతా మోటార్ల రొదలో ఉండేవాడిని. గుండుకు ఎద్దులను కట్టి తిరిగి మా కళ్ళానికి తెచ్చి పడేసినాను. గుండు కళ్ళంలో ఉన్నది, చప్పుడు బడి వెనుక ఉన్నది. తెల్లారి పోయి చూస్తే నేల నున్నగా, అప్పుడే ఆట మొదలుపెట్టేటట్టు ఉంటున్నది.

ఆడపిల్లలు కొన్నాళ్ళు ఆడడానికి వచ్చినారు. నిలబడినచోటనే నిలబడి బంతి కొడితే, బతికున్నప్పుడు అక్షత వెనుక నుండి "కాలు కదుపు, కాలు కదుపు" అని అరిచేది. ఇప్పుడూ అది వినబడుతున్నదని పిల్లలు ఇంట్లో చెప్పినారట. తల్లిదండ్రులు పంపడం మానుకున్నారు. అంపైరు కూర్చోవడానికి చేయించిన ఎత్తు స్టూలు మీద ఒక కాకి కూర్చుంటున్నది. అదే కాకి అని నేను అనడం లేదు. దాన్ని తోలే ధైర్యం మాత్రం ఊళ్ళో ఎవరికీ లేదు, నాకూ లేదు.

నేను సాయంత్రం దుకాణం మూసి నేరుగా అక్కడికే పోతున్నాను. దుమ్ము లేవకుండా ఆమె చల్లినట్టే నీళ్ళు చల్లుతాను. చప్పుడు నా పక్కనుంచి పోతుంది, ఆ చివర ఆగుతుంది, తిరిగి వస్తుంది. వచ్చేటప్పుడు ఆమె ఆయాసం కూడా వినబడుతుంది. భయం కాదు సార్. ఇంకా ఆ గుండు లాగుతూనే ఉన్నదే అని నా పానం కొట్టుకుంటుంది. ఇదంతా నేనిచ్చిన మాట కోసమేనని నాకు తెలుసు.

6. రానున్న మే నెలలో ఏడాది పెట్టవలసి ఉన్నది. అప్పుడు మళ్ళీ పిట్ట ముట్టాలి. మాట తప్పినవాడి చేతి కూడు పిట్ట ముట్టదని, మనిషి అటూ పోక ఇటూ రాక మధ్యలోనే ఉండిపోతుందని జంబన్న ఖాయంగా చెప్పినాడు. కావున తమరు మా కోర్టు పేరును పైకి సిఫారసు చేసి, ఆ మేరకు ఒక కాగితం తమ కచేరీ ముద్రతో ఇప్పించినచో, దానిని ఆకు పక్కన పెట్టి ఆమెకు చదివి వినిపించుకొందును. కన్నడంలో ఉన్నా ఫరవాలేదు. ఆమె చదువుకున్న మనిషి.

ఇందులో రాసినదంతా నా ఎరుకలో నిజమని ప్రమాణము చేయుచు, ఈ మనవిని తొందర లేకుండా, నవ్వకుండా చిత్తగించవలెనని వేడుకొనుచున్న,

తమ విధేయుడు,
యల్లేశ్

తా.క.: అర్జీ ముగించి మా అమ్మకు చదివి వినిపించాను. అంతా విని ఒకటే అడిగింది. "మ్యాచ్ ఐపోతె పిల్ల ఎళ్ళిపోతది గదరా?" పోతుందని చెప్పాను. పోవాలనే కదా ఇదంతా రాసింది అన్నాను. అమ్మ లేచి, చెంబుతో నీళ్ళు తీసుకొని కోర్టు దిక్కు పోయి, స్టూలు కింద పెట్టి వచ్చింది. రోజూ పెడుతున్నదట. ఆ నీళ్ళు కాకికి ఎవరో పెడుతున్నారనుకున్నాను, మా అమ్మ అని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

సార్, పైన రాసిన ఆరు అంశాలూ అట్లనే ఉండనీయండి. కానీ తమరు మా కోర్టును ఎంపిక చేయకండి. కాదని కూడా రాయకండి, మాట తప్పినవాడినవుతాను. "పరిశీలనలో ఉన్నది" అని ఒక్క ముక్క రాసి ముద్ర వేసి ఇప్పించండి. దానికి పిట్ట ముడుతుందో లేదో నాకు తెలియదు, అడిగి చూస్తాను. ప్రతి ఏడూ వచ్చి అదే కాగితం తీసుకుపోతాను. తమరు బదిలీ అయితే తరువాత వచ్చే సారుకు కూడా కొంచెం చెప్పి పోండి. ఆమె లాగుతున్న గుండు బరువు తగ్గాలంటే రెండో చెయ్యి పడితే చాలునేమో, రేపటి నుండి నేనూ పట్టి చూస్తాను.

దీపాలు పెట్టే వేళయింది. నీళ్ళు చల్లాలి, పోతున్నాను.