చెరువు గట్టు మీది పొన్నగంటికూర

అత్తయ్యగారూ,

మీరు పోయి రేపటికి మూడేళ్లు. రేపే ఏలూరులో నా కుడికంటికి శుక్లం ఆపరేషన్. భయమేమీ లేదు.

మన చేపల చెరువు గట్టున మొలిచే పొన్నగంటిని నేను కలుపు మొక్కనుకుని పీకేస్తే, మీరు ఏరి తెచ్చి వండేవారు. “కళ్లకు మంచిదే అమ్మాయ్, తిను” అనేవారు. నేను నవ్వేదాన్ని. మొన్న డాక్టరుగారిని అడిగాను.

“ఆకుకూరల్లో ల్యూటిన్ లాంటి పోషకాలు ఉంటాయండీ. శుక్లాలు త్వరగా రాకుండా కాపాడవచ్చంటారు, ఇంకా రూఢి కాలేదు. వచ్చేసిన శుక్లాన్ని మాత్రం ఏ కూరా కరిగించదండీ” అన్నారావిడ.

మీరు పొరబడింది అక్కడే. మీ కళ్లకు శుక్లాలు ముదిరినా, కూరతోనే తగ్గిపోతాయని ఆపరేషన్ వద్దన్నారు. చివరి వలను వేళ్లతో తడుముకుంటూ బాగుచేశారు. దానికి మీ మీద నాకింకా కోపమే.

పొన్నగంటిని ఇప్పుడు పీకడం లేదు. మనవరాలి కంచంలో నేనే వడ్డిస్తున్నాను.

ఆ వల చూరుకు అలాగే వేలాడుతోంది. కంటి కట్టు విప్పాక ముందు దాన్నే దించుతాను. మీరు వేసి, మీరు చూడలేకపోయిన ముడులన్నీ ఒక్కొక్కటిగా చూస్తాను.

మీ కోడలు