డిలీట్ లేని కెమెరా

మా పిచ్చుకకి,

చేతిలో ఫోను పెట్టుకుని అక్క ఉత్తరం రాయడమేమిటని కంగారు పడకు. అందరం బాగున్నాం. నీకు చూపించాలనుకున్నది కాగితం మీదే వస్తుంది. అలాంటప్పుడు కబుర్లు కూడా కాగితం మీదే పంపితే బాగుంటుందనిపించింది.

కెమెరా మార్చాను. డిజిటల్ కెమెరా ఇచ్చేసి, నాకన్నా వయసులో పెద్దదైన రీలు కెమెరా తెచ్చుకున్నాను. దీనికి వెనకాల తెర లేదు. నల్లటి రేకు, అంతే. మీ బావ అటూ ఇటూ తిప్పి చూసి, "ఫోటో ఎక్కడ కనిపిస్తుందే?" అన్నారు.

"కనిపించదండీ. రీలంతా అయ్యాక కడిగించుకుని చూడాలి."

"అప్పటిదాకా ఆగుతావా? నువ్వా? పోస్ట్‌మన్ వీధి మలుపు తిరక్కముందే గేటు దగ్గర నిలబడే మనిషివి."

ఆయన మాటలకేం గానీ, ఇది ఎలా పనిచేస్తుందో చెబుతాను విను. పైన ఒక మూల చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచి చూస్తే మధ్యలో ఒక పసుపుపచ్చని గడి. ఆ గడిలో ప్రతిదీ రెండుగా కనబడుతుంది. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతుంటే రెండో బొమ్మ మెల్లగా జరుగుతూ వచ్చి మొదటిదాని మీద కూర్చుంటుంది. కూర్చోగానే నొక్కాలి. నిన్న పొద్దుటి నుంచీ ఇంట్లో ఉన్నవన్నీ రెండు చేసి ఒకటి చేస్తున్నాను. బట్టల దండెం, ఇస్త్రీపెట్టె, మీ బావ ముక్కు. అన్నం మాడింది. అయినా నాకు దిగులు లేదు.

డిజిటల్ కెమెరాతో తీసినవి వేలకొద్దీ ఫోటోలున్నాయి. ఏడాదివారీగా సర్ది, అన్నిటికీ పేర్లు పెట్టాను. నీవి మాత్రం రెండేళ్లుగా ఒక్కటీ లేవు. ముఖానికి ఎడమ పక్క పక్షవాతం వచ్చి తగ్గినప్పటి నుంచి, నేను తీయడం, నువ్వు "ఏదీ, ఇలా ఇవ్వు" అని లాక్కుని చెరిపేయడం. దీనికి చెరిపే బటన్ లేదు. చెప్పి ఉంచుతున్నాను.

ఇట్లు,
అన్నం మాడ్చుకున్న నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం క్లాసులో చదువుకుని నవ్వుకుంటుంటే పిల్లలు పాట ఆపేశారు. "టీచర్‌కి ఎవరో ప్రేమలేఖ రాశారు" అని ఒకడు. అవునురా, మా అక్క రాసింది, కెమెరా మీద ప్రేమతో అన్నాను.

ఇక్కడ పెద్ద కబురే ఉంది. మా పిల్లల బృందగానానికి ఊళ్లోని పెద్ద హాలు ఇచ్చారు. ఏడాదిన్నర కష్టం. కాలు ఒకచోట నిలవడం లేదు నాకు. ఒక్కటే ముల్లు. హాలు గోడకి పెద్ద పోస్టర్ వేస్తారట, పాట నేర్పినవాళ్ల ఫోటో కావాలన్నాడు మేనేజరు. ఈ నెలాఖరులోగా ఇవ్వాలి. ఫోటో లేకుండా పేరు ఒక్కటే వేయరా అంటే, "అది మా పద్ధతి కాదండీ" అన్నాడు. సరే, మా దగ్గర పియానో వాయించే అమ్మాయి చూడచక్కగా ఉంటుంది. తన ఫోటో, తన పేరు ఇచ్చేస్తాను. పాడేది పిల్లలు కదా, గోడ మీద ఎవరుంటే ఏమిటి?

డాక్టరు తొంభై పాళ్లు తగ్గిందన్నాడు. ఆ మిగతా పది పాళ్లూ నవ్వితే బయటికి వస్తాయి. మనిషంత పోస్టర్ మీద అది మూరెడు వంకర అవుతుంది. నువ్వు కోప్పడకు. కెమెరా మాత్రం తీసుకురా, చూస్తాను. నా వైపు తిప్పకు.

నీ పిచ్చుక

*

ఒసే పిచ్చుకా,

మొదటి రీలు కడిగించాను. కొన్ని ప్రింట్లు ఇందులో పెట్టాను. మీ బావకి తల లేదు చూడు. కిటికీలో ఉన్న తల ఫోటోలో లేదు. దగ్గరి నుంచి తీస్తే అంతేనట, కొంచెం పైకి ఎత్తి పట్టాలిట. "ఇన్నాళ్లకి నిజం బయటపడింది" అన్నాను. ఆయన మూడు రోజులుగా ఆ ఫోటోని వచ్చినవాళ్లకల్లా చూపిస్తున్నారు. దండెం మీది చీర మాత్రం చూడు. గాలి కనబడుతోంది అందులో. డిజిటల్‌లో అయితే పది తీసి, తొమ్మిది చెరిపి, ఆ పదోదాన్నీ మరిచిపోయేదాన్ని. ఇది ఒక్కటే తీశాను, వచ్చింది. ప్రింటు చేతిలోకి తీసుకున్నప్పుడు స్టూడియోలో కుర్చీ లాక్కుని కూర్చున్నాను, అంత సంబరం.

ఇప్పుడు పోస్టర్ సంగతి. ఏడాదిన్నర గొంతు అరగదీసుకున్నది నువ్వు, గోడెక్కేది పియానో పిల్లా? బాగుంది. నీ పేరు పోతుంటే చూస్తూ ఊరుకోవడానికి నేనేం ఎదురింటిదాన్ని కాదు. ఆదివారం వస్తున్నాను, ఒక రీలుతో. నువ్వు కిటికీ పక్కన కూర్చుంటావు. చూసుకోవడాలు, లాక్కోవడాలు ఉండవు. అన్నీ వచ్చాక నచ్చకపోతే పోస్టర్‌కి ఇవ్వకు. కూర్చోవడం మాత్రం కూర్చోవాలి.

పెద్దదాన్ని, మాట వినాలి.
నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

క్షేమంగా చేరావా? నువ్వు వెళ్లాక ఇల్లంతా బోసిపోయింది. ఆదివారం అంత నవ్వి ఎన్నాళ్లయిందో, పొట్ట ఇంకా నొప్పిగానే ఉంది. ఒక కన్ను మూసుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, రింగు తిప్పుతూ నువ్వు "కదలకే, కూర్చుంటున్నావు, కూర్చుంటున్నావు, ఆఁ కూర్చున్నావు" అంటుంటే ఎవరికి మాత్రం నవ్వు ఆగుతుంది?

రీలు కడిగించావా? తొందరేం లేదులే. ఊరికే అడిగాను. మేనేజరు ఫోను చేశాడు, చూద్దాం అన్నాను. పియానో అమ్మాయి ఫోటో తయారుగానే ఉంది.

అయినా ఎప్పుడు వస్తాయో ఒక మాట రాయి.

పిచ్చుక

*

నా చిట్టి పిచ్చుకకి,

ఎలా రాయాలో తెలియడం లేదు. ఉన్నదున్నట్టు రాస్తాను.

స్టూడియో ఆయన రీలుని వెలుతురుకి పట్టి, కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు. బాగా వచ్చాయా అని అడిగాను.

"చాలా శుభ్రంగా ఉందమ్మా" అన్నాడు.

"అంటే?"

"అంటే ఇందులో ఏమీ లేదు. లెన్సు మూత తీశారా?"

ప్రయాణంలో దుమ్ము పడుతుందని మీ బావ మూత పెట్టారు. నేను తియ్యలేదు. డిజిటల్ కెమెరాకయితే మూత ఉంటే తెర నల్లగా ఉండి వెంటనే తెలిసేది. దీనికి చూసే కిటికీ వేరు, బొమ్మ పడే లెన్సు వేరు. మూత ఉన్నా కిటికీలో నువ్వు చక్కగా కనబడుతూనే ఉన్నావు. ఒక్కో ఫోటోకీ ఎంత వెలుగు, ఎంత దూరం అని పుస్తకంలో వరసగా రాసుకున్నాను కూడా. అంత పద్ధతిగా నేను తీసింది మూత లోపలి చీకటిని.

రెండేళ్లకి నువ్వు కూర్చున్నావు. ఏడో ఎనిమిదో తీశాక గలగలా నవ్వావు, రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి, నోటికి అడ్డం రాలేదు. ఆ నవ్వుని నేను చూశాను. నాకు తప్ప ఎవరికీ లేకుండా చేశాను. మీ బావ "నేను పెట్టిన మూత, నన్ను తిట్టు" అంటున్నారు. తిట్టాను కూడా. ఏం లాభం, నెలాఖరు వచ్చేసింది.

కడిగిన రీలు ఇందులో పెట్టాను. నమ్మవని.

మళ్లీ కూర్చోమని అడిగే ముఖం నాకు లేదు.

అక్క

*

ప్రియాతిప్రియమైన మా అక్కకి,

ముందు ఏడుపు ఆపు. ఆపావా? ఇప్పుడు తిట్టడానికి సిద్ధపడు.

మూత ఉందని నాకు తెలుసు.

నీ ఎదురుగా కూర్చున్నదాన్ని, నాకు కనబడకుండా ఎలా ఉంటుంది అక్కా? మొదటి ఫోటోకే చూశాను. చెబుదామని నోరు తెరిచాను. అంతలో అనిపించింది, ఇంతకన్నా మంచి కెమెరా నాకు దొరకదని. ఎన్ని ఫోటోలయినా తీసుకో, నేను పడను. అందుకే అంత ధీమాగా కూర్చున్నాను. నా మూతికి భయపడి నేను, దాని మూత మరిచిపోయి నువ్వు. మంచి జోడీ కుదిరాం.

తర్వాత ఏమయిందో నాకే సరిగ్గా తెలియదు. సగం రీలు అయ్యేసరికి మూత సంగతే మరిచిపోయాను. "వెలుగు బాగుంది, ఇటు తిరుగు" అన్నావు, తిరిగాను. జుట్టు సర్దుకున్నాను. చివరివి తీస్తున్నప్పుడు మళ్లీ మూత కంటబడితే, ఒళ్లు మండింది. నీ మీద కాదు. ఇంతసేపూ నవ్విన నవ్వు ఎటు పోయినట్టు? అయినా చెప్పలేదు. చెబితే మొదటి నుంచీ చెప్పాలి. నువ్వు బస్సెక్కుతూ "ఈసారి నిన్ను పట్టేశానే" అని మురిసిపోతుంటే, నీ సంచీ అందించి తల దించుకున్నాను.

తెలిసి కూడా రీలు గురించి ఎందుకడిగానంటావా? ఒక్కటయినా పొరపాటున వచ్చి ఉండకపోతుందా అని. పోస్టులో రీలు రాగానే కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెతికాను అక్కా. ఎక్కడా లేను. నీ పాత కెమెరాలో నన్ను నేను ఎన్నిసార్లు చెరిపేసుకున్నానో లెక్కలేదు, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇందులో లేనని మాత్రం కోపం వచ్చింది.

పొద్దున్నే హాలుకి వెళ్లి మేనేజరుతో మాట్లాడాను. పోస్టర్ బుధవారందాకా ఆపుతానన్నాడు. "ఎవరి ఫోటో వస్తోందండీ?" అన్నాడు. నాది అన్నాను. పియానో అమ్మాయికి చెబితే, "బతికించారు టీచర్, గోడెక్కాలంటే నాకు రాత్రుళ్లు నిద్ర లేదు" అంది.

శనివారం మొదటి బస్సుకి రా. రీలు రెండు తెచ్చుకో. ఆ కిటికీ పక్కనే కూర్చుంటాను. నువ్వు కళ్లు చికిలించుకుని రింగు తిప్పుకుంటూ ఉండు, మూత నేను తీస్తాను.

నీ కోసం గుమ్మంలో నిలబడి ఉండే
పిచ్చుక