మెట్ల కింది విమానం రేకు

నిల్టన్,

పిండి బస్తాలతో తెఫే ఊరికి పోయే పడవెక్కుతున్నాను. చేపల పులుసు పొయ్యి మీద ఉంది. బడి పిల్లల పడవ అడుగుకి నీలం సుద్ద గీసిన అల్యూమినియం రేకే వాడు. మెత్తగా ఉందని పక్కన పెట్టకు, వెల్డింగు నిలిచేది దానికే. మెట్ల కింద ఉన్న పాత విమానం రేకు ముట్టుకోకు. అది గట్టిదే, రివెట్లు కొట్టడానికి పనికొస్తుంది. వెల్డింగు చేస్తే అతుకు నున్నగానే కనిపిస్తుంది కానీ, దాని పక్కనే సన్నగా చీలుతుంది. నాన్న పడవ నది మధ్యలో అలాగే విడిపోయింది. పడవ దొరికింది, నాన్న దొరకలేదు. ఎండెక్కితే ఆ రేకు ఇప్పటికీ టకటకమంటుంది, ఆయన తలుపు తట్టినట్టు.

ఆ పడవ విడిపోయినందుకు ఆరేళ్లుగా నీ చేతి పనినే తిట్టాను. నువ్వు "అవునక్కా" అని ఊరుకున్నావు.

దాల్వక్క

ఇంకో మాట. నీ అతుకులో తప్పు లేదురా. ఆ రోజు నాన్న పడవకి నువ్వు నీలం సుద్ద రేకే తీసి పెట్టావు. నువ్వు భోంచేస్తుంటే, గట్టిది కదా అని మార్చింది నేను.