గోడమీది నా ఫొటో

గేమ్ కంపెనీ మేనేజరు గారికి,

నా ఫొటోను ఎవరైనా కొనుక్కుని మొబైల్ గేముల్లో ఎలాగైనా వాడుకోవచ్చని లైసెన్సు మీద సంతకం పెట్టింది నేనే. కాదనను. మీరు దానికి నల్ల అంచు వేసి, మీ గేములో ఒక గోడకి మరణ ప్రకటనగా అతికించారు. మా ఊరు ట్రియావ్నాలో ఎవరైనా పోతే ఫొటోతో అలాంటి కాగితమే గోడలకి అతికిస్తారు; అది కనిపిస్తే ఏ గోడ అని ఎవరూ అడగరు. పొలం గొడవ తర్వాత నా గడప తొక్కని తమ్ముడు స్టామెన్, ఫోనులో అది చూసి, చావింటికి తెచ్చే ఉడికించిన గోధుమలు పట్టుకుని వచ్చాడు. తలుపు నేనే తీశాను.

"చావలేదా నువ్వు?" అన్నాడు.

"లేదురా. లోపలికి రా."

తిట్టుకుంటూనే సాయంత్రం దాకా కూర్చున్నాడు. గోధుమలు ఇద్దరం తినేశాం.

ఫొటో తీసేయమని రాయడం లేదు. మా ఆచారం ప్రకారం మనిషి పోయిన నలభయ్యో రోజున ఇంకో ప్రకటన అతికించాలి. దయచేసి మరచిపోకండి. ఊరికే రమ్మంటే వాడు రాడు.

ఇట్లు,
మీ గోడమీది దివంగతుడు