ఏడో టేకులో వచ్చిన గొంతు

చిరంజీవి పిట్టకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేం ముగ్గురం వేళకి తింటున్నాం, వేళకి పడుకుంటున్నాం, ఎవరికీ జ్వరాలు లేవు. క్షేమం అంటే అంతే అయితే మేం క్షేమమే. నువ్వూ అక్కడ ఒంటిపూట తినే అలవాటు మానేసి, ఆ కుట్టుమిషన్ల హోరులో చెవులకి దూది పెట్టుకుంటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన మంగళవారం అందింది. చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరాలేంటని మీ హాస్టల్లో అమ్మాయిలు నవ్వుతున్నారట కదా. నవ్వనీ. డబ్బింగు చెప్పుకునేదాన్ని, నా గొంతు నా పనిముట్టు పిట్టా. ఫోన్లో ధైర్యం కావాలంటే ధైర్యం, జాలి కావాలంటే జాలి పలికించేస్తాను, నువ్వు నమ్మేస్తావు. ఈసారి అలా నమ్మించకూడని సంగతి ఒకటి ఉంది. అందుకే కాగితం.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగుపడింది. బాగుచేసింది మీ నాన్న, కాబట్టి ఇప్పుడు స్నానాలగదిలోది కారుతోంది. బస్సు డిపోలో ఆయనకి పగటి షిఫ్టు ఇచ్చారు. నీ నీలం స్వెటరు దిండు గలీబులో దొరికింది, అక్కడికెలా వెళ్ళిందని అడగను. నాయనమ్మ కుడిచెయ్యి ఇప్పుడు భుజం దాకా లేస్తోంది. కాలు కూడా నయం. నాలుక వ్యాయామాలు మాత్రం మధ్యలో మానేసింది. ఎందుకు మానేసిందో, ఫోనుకి ఎందుకు రావడం లేదో అడిగావు. దానికి జవాబు నీ ఆఖరి ప్రశ్నలోనే ఉంది.

నువ్వు రాసింది ఇది: "ఆ సినిమా చూశావా అమ్మా? మా హాస్టలంతా రెండుసార్లు చూశాం. ఆ చక్రాల కుర్చీ ముసలమ్మ నోరు తెరిస్తే చాలు, కడుపు పట్టుకుని దొర్లాం. మా గదిలో పిల్ల లేచింది మొదలు ఆ గొంతుతోనే 'నాక్కూలా పెల్లి తెయ్యండల్లా' అంటోంది. ఎక్కడో విన్న గొంతులా ఉంది కానీ గుర్తు రావడం లేదు. నువ్వేమో కామెడీ అనగానే ముక్కు మూసుకుంటావు. అసలు నీకు ఏం చూస్తే నవ్వొస్తుంది?"

నాకు నవ్వు రాదని ఎవరన్నారే? టీవీ ముందు మనింట్లో జరిగిన యుద్ధాలు మర్చిపోయావా? మీ నాన్నకి ఎవడో ఒకడు కింద పడాలి. వాడి మీద ఇంకొకడు పడితే వారం పాటు ఆయన ముఖం వెలిగిపోయేది. నాయనమ్మకి తలుపులు కావాలి. బీరువాలో ఒకడు, మంచం కింద ఒకడు, పోలీసు వచ్చి బెల్లు కొట్టాలి. "ఇప్పుడు తీస్తాడు చూడు, ఇప్పుడు తీస్తాడు" అని నవ్వంతా ముందే నవ్వేసేది. నాకేమో పరువు కోసం తంటాలు పడుతూ మెట్టు మెట్టుకీ దిగజారే మనిషిని చూస్తే నవ్వొస్తుంది. "అది కామెడీ ఏంటి, మీ అన్నయ్య గృహప్రవేశంలా ఉంది" అని మీ నాన్న లేచిపోయేవారు. ముగ్గురికీ కలిపి ఒక్క సినిమా కుదిరి చావలేదు. అయినా ఒకరి నవ్వు చూసి ఇంకొకరికి ఎప్పుడూ రోత పుట్టలేదు. ఇప్పుడు పుట్టింది. దాని సంగతే రాస్తున్నాను.

సినిమా చూశాను. మీ నాన్నా నేనూ ఆదివారం మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం. హాలు నిండిపోయింది. ముసలమ్మ కుర్చీ మెట్ల మీంచి జారి కిందపడే చోటు గుర్తుంది కదా. లేవదీయమని ఆమె అంటుంటే, ఆ మాట అర్థం కానట్టు నటిస్తూ మనవడు ఒకసారి దువ్వెన తెస్తాడు, ఒకసారి చీపురు తెస్తాడు. ఆమె మూతి పక్కన కారిన చొంగని కిటికీ తెరతో తుడుస్తాడు. హాలు దద్దరిల్లిపోయింది. నా వెనకాయన నవ్వలేక దగ్గాడు, ఆ తుంపర్లు నా మెడ మీద పడ్డాయి. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ, పక్కన కూర్చున్న వాళ్ళమ్మకి మూతి వంకర పెట్టి చూపించింది. ఆ తల్లి కూడా నవ్వింది. నేను తెర వదిలేసి వెనక్కి తిరిగి హాలుని చూశాను. అన్ని నోళ్ళు ఒక్కసారి తెరుచుకోవడం తెర వెలుతురులో చూస్తే ఎలా ఉంటుందో చెప్పలేను. ఒక్క నోరు మాత్రం వెంటనే మూసుకుంది. అప్పటిదాకా తొడ చరుచుకుంటూ అందరికంటే గట్టిగా నవ్వుతున్న మీ నాన్నది.

విశ్రాంతికి ఆయన లేచి బయటికి నడిచారు. రెండో సగానికి లోపలికి రానన్నారు. బస్టాపు దగ్గర అడిగారు, "అది నీ గొంతే కదా?"

"అవును."

"గొంతు నీదే. మాట ఎవరిది?"

"ఏదో అలా కుదిరింది. ఎవరిదీ కాదు," అన్నాను. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఆయన ముఖంలోకి చూస్తూ అంత శుభ్రంగా అబద్ధం ఆడింది అదే మొదటిసారి. బస్సు వచ్చింది, ఆయన ఎక్కలేదు. నడిచి వచ్చారు.

ఎక్కడో విన్న గొంతులా ఉందన్నావు. బాగానే విన్నావు తల్లీ. అది మీ నాయనమ్మ మాట. నువ్వు వెళ్ళాక, పక్షవాతం వచ్చాక ఆమెకి మిగిలిన మాట. ఫోన్లో రెండు మూడుసార్లు విన్నావు కదా, ప్రతిసారీ పక్కన కూర్చుని ఆమె చెప్పింది నీకు విప్పి చెప్పింది నేనే.

ఎలా జరిగిందో చెబుతాను, సాకులు లేకుండా. డబ్బింగు గది నీకు తెలుసు. ఈ వైపు నేను, మైకు, తెర మీద అదే ముక్క మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉంటుంది. అద్దానికి అవతల దర్శకుడు, రికార్డింగు చేసే పెద్దాయన. ముసలిగొంతు కీచుగా ఇచ్చాను. దర్శకుడు వద్దన్నాడు. ముక్కుతో ఇచ్చాను, పళ్ళు లేనట్టు ఇచ్చాను, బొంగురుగా ఇచ్చాను. ఆరు టేకులు. "అక్కా, ఇది ముసలిగొంతు. నాకు కావాల్సింది నవ్వొచ్చే గొంతు," అన్నాడు. ఆరోదానికి తల కూడా ఎత్తలేదు, ఫోను చూసుకుంటున్నాడు. తలుపు సందులోంచి బయట బెంచీ మీద ఎదురుచూస్తున్న ఇంకొకావిడ చెప్పులు కనబడుతున్నాయి. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది.

ఏడో టేకుకి నా నోరు దానంతట అదే కుడివైపుకి జారింది. కష్టమైన మాట ముందు నాయనమ్మ ఆగి, ఉమ్మి మింగి, చిన్న ఊపిరి తీసుకుంటుంది చూడు, అది కూడా వచ్చేసింది. ఈ ఎనిమిది నెలల్లో ఆమె మాట ఈ ఇంట్లో అందరికంటే ముందు అర్థం చేసుకున్నదాన్ని నేను. అందుకే అంత బాగా ఎత్తుకురాగలిగాను. అద్దానికి అవతల పెద్దాయన బల్ల మీద వాలిపోయి నవ్వాడు. దర్శకుడు లేచి నిలబడి చేతులు జోడించాడు.

ఇక నా చెయ్యి రాయనంటున్న మాట ఇది. నాకు సంతోషం వేసింది పిట్టా. సిగ్గు కాదు, భయం కాదు, సంతోషం. "ఇంకొకటి ఇస్తాను, ఇంకా బాగా వస్తుంది," అన్నాను. ఎనిమిదో టేకు వాళ్ళు అడగలేదు. నేనే అడిగి చేశాను.

నన్ను ఈ పనిలో పెట్టిందెవరో నీకు తెలుసు. కొత్తకోడలిగా వచ్చి మూలన కూర్చుంటే, "నీ గొంతుకి వంటింటి గోడలు చాలవే అమ్మాయ్," అని చెయ్యి పట్టుకుని మొదటి రికార్డింగుకి తీసుకెళ్ళింది ఆమె. ఇరవయ్యారేళ్ళు టెలిఫోను ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరు. ముఖం తెలియని మనుషులు ఆమె గొంతుకి పండగ కానుకలు పంపేవారట. వాక్యం మధ్యలో ఊపిరి వినపడకుండా ఎలా తీసుకోవాలో నాకు నేర్పింది ఆమె. ఆ ఊపిరినే వినపడేలా తీసి జనాన్ని నవ్వించాను.

సినిమా వచ్చాక వీధంతా అదే గొంతు. బస్సు కండక్టరు అదే గొంతుతో టిక్కెట్టు అడిగాడు. మందుల షాపతను నాయనమ్మ మాత్రలు కవర్లో వేస్తూ అదే గొంతుతో చిల్లర ఉందా అన్నాడు. ఆ మాత్రలు దేనికో అతనికి తెలుసు. చిల్లర లెక్కపెట్టి ఇచ్చి వచ్చేశాను.

తర్వాత పక్కింటి టీచరమ్మ ఫోన్లో ఆ ముసలమ్మ ముక్క పట్టుకుని వచ్చింది. మంచిదే పాపం, రోజూ నాయనమ్మతో కాసేపు కూర్చుంటుంది. "పెద్దమ్మగారూ, ఇది చూడండి, పొట్ట చెక్కలవుతుంది," అంది. నేను ఉతికిన బట్టలు తీసుకుని లోపలికొచ్చేసరికి నాయనమ్మ ఎడమచేత్తో ఫోను పట్టుకుని చూస్తోంది. అయిపోయాక మళ్ళీ పెట్టమంది. రెండోసారి కూడా పూర్తిగా చూసి, ఫోను తిరిగిచ్చి, తల తిప్పి నన్ను చూసింది. టీచరమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.

సాయంత్రం పాల లెక్క రాసే పుస్తకం చివర, ఎడమచేత్తో, ముక్కలు ముక్కలుగా ఒక్క మాట రాసింది. "అడిగితే ఇచ్చేదాన్ని."

అంతే. ఆ తర్వాత నోరు తెరవలేదు. మంచినీళ్ళు కావాలంటే చెంబు వైపు చూసేది. వ్యాయామాలకి పిలిస్తే గోడ వైపు తిరిగేది. పంతొమ్మిది రోజులు. మీ నాన్నకి మొత్తం చెప్పేశాను. విన్నారు. అప్పటినుంచి నాతో కావలసినంత వరకే మాట్లాడుతున్నారు. తప్పనను.

ఈలోగా దర్శకుడు కబురు పెట్టాడు, రెండో భాగం తీస్తున్నారట, అందులో ముసలమ్మే ముఖ్యమట. ఫోన్లో కాదనొచ్చు, కానీ ముఖం మీద చెప్పాలని వెళ్ళాను. చెయ్యనన్నాను.

"ఎందుకక్కా? జనం పడీపడీ నవ్వుతున్నారు. రోజంతా ఒళ్ళు హూనం చేసుకుని వచ్చినవాళ్ళని ఒక పూట నవ్వించడం తప్పా?"

"తప్పని నేననలేదు. ఆ గొంతు మా అత్తగారిది. ఆవిడకి పక్షవాతం."

అతను ఫోను బల్ల మీద పెట్టేశాడు. పోన్లే, మనిషికి తగిలింది అనుకున్నాను. తగల్లేదు. అతని కళ్ళు మెరిశాయి.

"నిజంగానా? అయితే ఆవిడచేతే చెప్పించొచ్చా అక్కా? కారు పంపిస్తాను. అంత సహజంగా ఇంకెవరికి వస్తుంది!"

మెట్లు దిగి, వీధి చివర మురిక్కాలువ దగ్గర ఆగి ఉమ్మేశాను. రెండోసారి ఉమ్మబోతే నోరెండిపోయింది. అతనికి ఆ దారి చూపించింది నేనే కదా. నేను వద్దన్నంత మాత్రాన ఆగింది కూడా ఏమీ లేదు. ఆ బెంచీ మీది ఆవిడ నా గొంతు విని నేర్చుకుని చెబుతానందట. నకలుకి నకలు. ఇక అది ఎవరి నోట్లో పడితే వాళ్ళ నోట్లో ఉంటుంది.

మంగళవారం నీ ఉత్తరం వచ్చింది. ఎప్పటిలాగే మంచం పక్కన కూర్చుని పైకి చదివాను. నీ ఆఖరి ప్రశ్న దగ్గరికి రాగానే గుటుక్కున మింగేసి, కింద "ఇట్లు" దగ్గరికి దూకాను. నాయనమ్మ ఎడమచెయ్యి వచ్చి కాగితం మీద పడింది. తర్వాత మాట్లాడింది. ఆమె ఎలా పలికిందో రాయను. ఏమందో రాస్తాను.

"మధ్యలో వదిలేశావు. చదువు."

చదివాను. దొర్లి దొర్లి నవ్వారన్నది, నీ గదిలో పిల్ల అనుకరించేది, అన్నీ. మీ నాన్న గుమ్మంలో నిలబడి విన్నారు.

"తెలియక నవ్వింది అత్తయ్యా," అన్నాను.

"నేనూ నవ్వేదాన్ని, వేరేవాళ్ళ నోరైతే." మింగి, ఊపిరి తీసుకుంది. "దానికి తెలీదు. నీకు తెలుసు."

కాళ్ళు పట్టుకున్నాను. లే అనలేదు, వదులూ అనలేదు. చాలాసేపటికి, నాలుక వ్యాయామాల అద్దం తెమ్మంది. తెచ్చి పట్టుకున్నాను. నా వైపు చూడకుండా అద్దంలోకే చూస్తూ చేసింది. ఆ రోజునుంచి రెండుపూటలా చేస్తోంది. అద్దం నేనే పట్టుకోవాలంటుంది, మీ నాన్న పట్టుకుంటానంటే ఒప్పుకోదు. అది క్షమించడమో, శిక్షించడమో నాకు తెలియడం లేదు. అడిగే ముఖం నాకు లేదు.

ఈ ఉత్తరం చదివాక నీకు నా మీద అసహ్యం వేస్తే దాచుకోకు. నీ మీద వేస్తే, అంత అక్కర్లేదు. వచ్చే ఆదివారం పొద్దున్న పదింటికి ఫోను చెయ్యి. ఆమే ఎత్తుతానంది. నేను పక్కన ఉండను, విప్పి చెప్పడానికి ఎవరూ ఉండరు. మాట అర్థం కాకపోతే మళ్ళీ అడుగు, పదిసార్లయినా అడుగు. అర్థమైనట్టు మాత్రం నటించకు. ఈ ఇంట్లో నటించేది నేనొక్కదాన్ని చాలు.

ఇట్లు,
నీ అమ్మ