పడవల పాకలో ఉన్న కొడుక్కి

థెరాన్,

ట్రాయ్ యుద్ధం నుంచి తిరిగొస్తూ మీ ఓడ మునిగిందని విని, నీకు ఖాళీ సమాధి కట్టి, మూడుసార్లు పేరు పెట్టి పిలిచి ఏడ్చాం నాయనా. అలా సాగనంపిన మనిషి బతికొస్తే, మళ్లీ పుడితే తప్ప గడప తొక్కకూడదు. నీళ్లు పోసి, పొత్తిగుడ్డల్లో చుట్టి, తల్లి ఒళ్లో పడుకోబెట్టి పేరు పెట్టాలి. ఆ మాట చెప్పడానికి వచ్చిన చెల్లెల్ని రేవులో పడవల పాక దగ్గర నుంచే తిప్పి పంపావట.

"సిగ్గేమోలే, గడ్డం నెరిసిన పసిపిల్లాడికి!" అని వేళాకోళం చేశాను. అప్పుడు చెల్లెలు చెప్పింది నువ్వన్న మాట.

"నాతో వచ్చినవాళ్లంతా సముద్రంలోనే ఉన్నారు. నేనొక్కణ్ణే ఎందుకు పుట్టాలి? చచ్చినవాడిగానే ఉండనీ."

దీనికి జవాబు నీ పక్కన తెడ్డు వేస్తూ మునిగిపోయిన మెనిప్పోస్ తల్లి లికాస్తి దగ్గర ఉంది. పొద్దున ఆవిడ వచ్చి, తన కొడుకు పొత్తిగుడ్డలు నా ఒళ్లో పెట్టింది.

"ఇవి దాచుకుని ఏం చేసుకోను వదినా? మీవాణ్ణి రమ్మను. నా చేత్తో నేనే చుడతాను" అంది.

నీళ్లు కాగుతున్నాయి. నా కోసం రావద్దులే. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

అమ్మ